మూతకింది దీపం: టీకా తాత్పర్య సహితం

అవతారిక

డాలస్ శివార్లలో ఒక తెలుగు కాపురం. ఆ ఇంటి హాల్లో 14 గాలన్ల ఉప్పునీటి తొట్టె, అంటే సుమారు 53 లీటర్లు. దానికో నల్ల ప్లాస్టిక్ మూత, మూతలోనే దీపాలు. నీళ్ళలో రెండు క్లౌన్ చేపలు, నాలుగు రాళ్ళు, రాళ్ళను పట్టుకుని మష్రూమ్ పగడాలు, జోయాంథస్‌లు. వాటికి వెలుగు చాలడం లేదని ఇంటాయనకు ఒక ఆదివారం తోచింది. పాత ట్యూబులు పీకి ఎల్ఈడీలు బిగించి, ఆ అలుపులో ఈ ఆటవెలది చెప్పాడు. కవీ, టీకాకారుడూ ఒకరే కాబట్టి అర్థం దగ్గర తగాదా రాదనుకున్నాం. ఆ ఇంట ఇల్లాలు కూడా ఉన్న సంగతి మరిచాం.

కథ అమెరికాలోనే ఎందుకు జరగాలి అంటే, అది దేశౌచిత్యం. మన దేశంలో రాతిపగడాలు 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో పులి సరసన కూర్చున్నాయి. వాటిని పట్టినా, అమ్మినా నేరమే. మా తొట్టెలోవి మెత్తనివే అయినా, ఆ పొరుగు మాకెందుకు?

మూలం

మూతలోని పాత మొండిదీపము దీసి
నీలివెలుగుగింజ నేర్పుఁ గూర్చి
మెల్ల మెల్ల వెలుగు మీఁదికిఁ బెంచినఁ
బగడమునకు రంగు పట్టు నింట.

ప్రతిపదార్థం

మూతలోని = తొట్టె హుడ్‌లో ఉన్న; పాత = పద్దెనిమిది నెలలుగా మార్చని; మొండిదీపము = వెలుగుతూనే పనికిరాకుండా పోయిన ట్యూబును; తీసి = నాలుగు స్క్రూలు విప్పి, అందులో ఒకటి స్టాండు వెనక్కి జారవిడిచి, ఊడబెరికి; నీలివెలుగుగింజన్ = నీలి ఎల్ఈడీని; నేర్పున్ = ఒకే వీడియోను మూడుసార్లు చూసి సంపాదించిన పాండిత్యాన్ని; కూర్చి = జతచేసి బిగించి; మెల్ల మెల్ల = ఇది పాదపూరణం, రెండు హగణాలు తక్కువపడి కవి వాడుకున్నాడు, వేరే అర్థం వెతకనక్కరలేదు; వెలుగున్ = కాంతిని; మీఁదికిన్ పెంచినన్ = డిమ్మరు తిప్పి హెచ్చించగా; పగడమునకున్ = పగడానికి; రంగు పట్టున్ = వన్నె వచ్చును; ఇంటన్ = ఇంట్లో.

తాత్పర్యం

ట్యూబు మార్చి ఎల్ఈడీ పెడితే పగడాలు బాగుంటాయి. ఈ మాట వచనంలో చెప్పవచ్చు కదా అంటే, చెప్పవచ్చు. కాని ఖర్చెంత అని ఇంట్లో వెంటనే అడుగుతారు.

విశేషాలు

మొండిదీపము: "చక్కగా వెలుగుతున్న దీపం మొండిదెట్లా అయింది?" అని ఆక్షేపణ. సమాధానం: ట్యూబు లోపలి పూత వాడేకొద్దీ అరుగుతుంది. ఆరు నెలలకో, ఏడాదికో వెలుగు తగ్గి దాని రంగుల పాళ్ళు మారతాయి. మన కన్ను రోజూ చూస్తూ అలవాటు పడిపోతుంది కాబట్టి తేడా పట్టదు. పగడం పట్టేస్తుంది.

నీలి: "పెళ్ళివారి సీరియల్ బల్బుల్లా సొగసుకోసం నీలం పెట్టారు" అని పూర్వపక్షం. అది సాధువు కాదు. సముద్రపు నీరు ఎరుపును ముందు మింగేస్తుంది, నీలాన్ని లోతుదాకా పోనిస్తుంది. పగడం చెట్టు కాదు, జంతువు. దాని ఒంట్లో కంటికానని శైవలాలు కాపురముంటాయి. అవి వెలుగుతో వంట చేసుకుని, అందులో చాలా భాగం ఇంటివారికే పెడతాయి. అద్దెకున్నవాళ్ళే వండి వడ్డించే ఇల్లు లోకంలో ఇదొక్కటే కాబోలు. ఆ వంటకు 450 నానోమీటర్ల చుట్టుపక్కల నీలం బాగా పనికొస్తుంది. నీలి ఎల్ఈడీని సాధించినందుకే అకసాకి, అమానో, నకమురాలకు 2014లో భౌతికశాస్త్రపు నోబెల్ వచ్చింది. మా హాల్లో అది జోయాంథస్‌లను ఆకుపచ్చగా మెరిపించే పనిలో ఉంది.

గింజ: "48 వాట్ల ట్యూబులు తీసి 30 వాట్ల గింజలు పెట్టడం పెంచడమా, తగ్గించడమా?" అని ఇల్లాలి ప్రశ్న. వాట్లు కరెంటు బిల్లు లెక్క. పగడం లెక్క వేరు: కిరణజన్య సంయోగక్రియకు పనికొచ్చే వెలుగు తన ఒంటిమీద ఎంత పడిందన్నదే దానికి ముఖ్యం. దాన్ని పార్ అంటారు. మెత్తని పగడాలకు 50 నుంచి 150 వరకు చాలు. ట్యూబు వెలుగు నలువైపులా చిమ్మి సగం మూతకే పోతుంది. గింజ కిందికే గురిపెడుతుంది. పైగా అడుగు లోతు తొట్టెలో ఆ గురి తప్పడానికి చోటెక్కడ?

మూత: ఈ పదాన్ని కవి పద్యం మొదట్లోనే పెట్టడం సాభిప్రాయం. మూత లేని తొట్టెకు దీపం ఎంత ఎత్తున వేలాడదీసినా అడిగేవాడు లేడు. మూత ఉన్నచోట ఉక్క ఉంటుంది. ఎల్ఈడీ వేడి వెలుగుతో పాటు కిందికి రాదు, వీపువైపు పోతుంది. అందుకే వెనక అల్యూమినియం పలక, దానిమీద ఫ్యాను. ఫ్యాను తిరిగితే నీరు ఆవిరవుతుంది, ఉప్పు మాత్రం ఎక్కడికీ పోదు. కాబట్టి తగ్గినంత మేర పోయవలసింది ఆర్వో మంచినీళ్ళే, ఉప్పునీళ్ళు కాదు. గింజలకూ నీటికీ నడుమ అద్దం లేకపోతే తుంపరలు ఎగిరి, సోల్డరు దగ్గర తెల్లగా ఉప్పు పేరుకుని తీగను తినేస్తుంది. ప్లగ్గుకు పోయే వైరు సాకెట్టుకంటే కిందికి వేలాడి మళ్ళీ పైకెక్కాలి. అప్పుడు జారిన చుక్క నేలమీద పడుతుందే తప్ప సాకెట్లోకి పోదు.

పాఠాంతరం

ఈ పద్యానికి ఒక ప్రాచీన పాఠం ఉంది. ప్రాచీనమంటే జులై నెలది.

మొదటిరోజె వెలుగు మొత్తముఁ బెంచినఁ
బగడమునకుఁ దెలుపు పట్టు నింట.

గణాలు సరిపోయాయి, యతి కుదిరింది. ఛందస్సు చెడలేదు, పగడం చెడింది. ఆ ఆదివారం రాత్రి కవి డిమ్మరును చివరిదాకా తిప్పి, నీలికాంతిలో తన ముఖం తొట్టె అద్దంలో చూసుకుని మురిసి పడుకున్నాడు. సోమవారం జోయాంథస్‌లు ముడుచుకున్నాయి. బుధవారానికి, అరచేతంత విప్పారి ఉండే ఎర్ర మష్రూమ్ రూపాయి బిళ్ళంతైంది. "ఏవండీ, ఇది నానేసిన అప్పడంలా పాలిపోయిందేమిటండీ?" అన్నది ఇల్లాలు. వెలుగు మితిమీరితే లోపలి శైవలాలు విషమయ్యే ఆక్సిజన్ పుట్టిస్తాయి. పగడం వాటిని బయటికి తోసేస్తుంది. రంగులో చాలా పాలు వాటిదే, రాబడీ వాటిదే. పోయాక మిగిలేది తెలుపు.

కవి నోబెల్ గురించి చెప్పబోయాడు. ఆమె గ్యారేజీ వైపు చూపించింది. "చలికాలమంతా లోపలుంచిన కరివేపాకు కుండీని ఏప్రిల్లో ఒక్కసారే ఎండలో పెడతామా? రోజుకో గంట పెడతాం. లేకపోతే ఆకు మాడదూ?"

డిమ్మరు ఆ రాత్రే 30 శాతానికి దిగింది. తరవాత వారానికి 5 చొప్పున ఎక్కుతోంది. మష్రూమ్ అంచున ఎరుపు తిరిగి కనబడేసరికి సెప్టెంబరు వచ్చింది. కనుక ప్రతిపదార్థంలో "మెల్ల మెల్ల" దగ్గర మేం రాసినది పాఠకులు కొట్టివేసుకోవాలి. అది పాదపూరణం కాదు, ఇల్లాలు చేసిన సవరణ.

ఫలశ్రుతి

స్క్రూడ్రైవరు పట్టుకోబోయే ముందు ఈ పద్యం చదివినవారి తొట్టె వేడి 78 ఫారన్‌హీట్ దగ్గర నిలకడగా ఉంటుంది, గింజలకు ఉప్పు పట్టదు, జారిన స్క్రూ కూడా దొరుకుతుంది. మాది ఇంకా దొరకలేదు.