అడగని సాయం

మా గుడి విచారణలో విన్సెంట్ డి పాల్ సభ తరఫున ముసలివాళ్ల ఇళ్లకు వెళ్తుంటాను. 1833లో పారిస్‌లో ఫ్రెడరిక్ ఓజనామ్ అనే విద్యార్థి స్నేహితులతో కలిసి మొదలుపెట్టిన సభ ఇది. డబ్బిచ్చి ఊరుకోకుండా ఇంటికి వెళ్లి కూర్చుని కష్టసుఖాలు వినాలన్నది దాని పద్ధతి. అది తెలిసి కూడా నేను చేసిన తెలివితక్కువ పని చెప్పుకోవాలి.

డిసెంబరు 8న మా విశాఖలో రాస్ హిల్ మీద మరియమాత పండుగ. 1864లో రాస్ దొర కట్టుకున్న ఇల్లే తర్వాత గుడి అయింది. ఓడలు హార్బరులోకి వచ్చే దారి ఆ కొండ కిందే. నేను వెళ్లే ఇళ్లలో ఒక పెద్దాయన వయసులో ఉండగా ఆ హార్బరులోనే కలాసీ. ఇప్పుడు మోకాళ్లు పట్టేసి గడప దాటలేరు. పండుగనాడు ఆయన్ని కొండ ఎక్కించి తీరాలనుకున్నాను. నవంబరంతా ఆ ఏర్పాట్లే. కుర్చీకి కర్రలు కట్టించాను, వ్యాను మాట్లాడాను, మోయడానికి కుర్రాళ్లను కుదిర్చాను. ఫాదర్‌గారికి చెప్పాను, పూజ అయ్యాక అందరికీ చెప్పాను. ఆయనకు మాత్రం డిసెంబరు వచ్చాక చెప్పాను.

"కొండకేటి బాబూ, మరియమ్మ ఈడకే వత్తాది. నాను బతికున్నానని బేంకోళ్లకి ఎవులు సెప్తారు? ఆ మిసను నా యేలు ఒప్పుకోడం నేదు" అన్నారు.

ఆయనలాంటి పింఛనుదారులు బతికే ఉన్నామని ఏటా నవంబరులో జీవన ప్రమాణ పత్రం ఇవ్వాలి. 2014 నుంచి వేలిముద్రతో ఆ పని జరుగుతోంది. మోకులు లాగి, బస్తాలు మోసి ఆయన వేళ్ల గీతలు అరిగిపోయాయి. 2021లో ముఖం చూపిస్తే చాలన్న పద్ధతి వచ్చింది, మామూలు స్మార్ట్‌ఫోను ఉంటే ఇంట్లోనే అయిపోతుంది. ఆ ఫోను జేబులో పెట్టుకునే నేను ఆయన ఎదుట కూర్చుని ఏవో కబుర్లు చెప్పి వచ్చేవాణ్ణి. గడువు దాటింది, పింఛను ఆగింది. పత్రం పంపాక బకాయితో సహా వచ్చింది గాని, ఈలోగా ఆయన మందులు అప్పు మీద తెచ్చుకున్నారు.

నాకు కావలసింది ఆయన కొండెక్కడం కాదు, నేను ఎక్కించానని నలుగురూ చూడటం. ఈ మాట ఒప్పుకోవడానికి నాకు చాలాకాలం పట్టింది. యెరికో దారిలో గుడ్డివాడు బర్తిమయి కేక వేస్తే, ఏం చేయమంటావని ప్రభువు ముందు అడిగాడు. చూపు లేనివాడి అవసరం ఆయనకు తెలియక కాదు. తన అవసరం తన నోటితో చెప్పుకునే గౌరవం ఆ మనిషికి ఇచ్చాడు. నేను దాన్నే మా పెద్దాయనకు దక్కనివ్వలేదు.

ఈ ఊళ్లో పోర్టుకీ స్టీల్‌ప్లాంటుకీ ఒళ్లు అరగదీసుకున్న పెద్దలు ప్రతి విచారణలోనూ ఉన్నారు. నవంబరు రాగానే గుడి ఆవరణలో ఒక బల్ల వేయండి. రాలేనివాళ్ల ఇళ్లకు ఫోను పట్టుకుని వెళ్లండి. ఏం కావాలో అడగండి, చెప్పిందే చేయండి. కొండకు వస్తామని వాళ్లే అంటే, అప్పుడు కుర్చీకి భుజం పట్టండి.