నాలుగో పిన్ను

థర్మల్ కెమెరాకు ఎండ కావాలి. సోలార్ ప్యానెళ్లను పరీక్షించేటప్పుడైతే తప్పనిసరిగా కావాలి. ఎండ బలంగా కాస్తేనే ప్యానెల్‌లో కరెంటు గట్టిగా పారుతుంది. కరెంటు పారితేనే దెబ్బతిన్న సెల్ వేడెక్కి, తెర మీద తెల్లటి మచ్చై పట్టుబడుతుంది. ఈ పరీక్షకు ఐఈసీ 62446-3 అనే అంతర్జాతీయ ప్రమాణం ఉంది. చదరపు మీటరుకు కనీసం 600 వాట్ల ఎండ ఉండాలంటుంది. అనంతపురం వేసవిలో అంత ఎండ కోసం పొద్దున పదిదాకా కూడా ఆగనక్కర్లేదు. పెందలాడే మొదలుపెట్టి పదకొండుకల్లా ముగించుకోవచ్చని, మిట్టమధ్యాహ్నం మనుషుల్ని ఎండలో తిప్పనక్కర్లేదని వెళ్లిన ప్రతిచోటా చెప్తుంటాను. వింటారు. కానీ పని పట్టికలో "10 నుంచి 3 వరకు" అని అప్పటికే అచ్చై ఉంటుంది.

ఈ జిల్లాలో ఏడాదికి పడే వాన సగటున 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. చెనక్కాయ వేసి వేసి, బోర్లు వేయించి వేయించి జనం అలిసిపోయిన మెట్టనేలల్లో ఇప్పుడు కంటికి ఆనినంత దూరం నీలం పలకలే. ఎన్.పి.కుంటలో ఎన్టీపీసీ వాళ్ల 250 మెగావాట్ల ప్లాంటు 2016లో మొదలైంది. 2022లో జిల్లాలు విడిపోయాక ఆ మండలం శ్రీ సత్యసాయి జిల్లాలోకి పోయింది. తాడిపత్రి పక్కన తలారిచెరువు దగ్గర మరో పెద్ద సోలార్ పార్కు ఉంది. ఇవి కాక చిన్న ప్లాంట్లు చాలా ఉన్నాయి. నేను చెప్పబోయేది అలాంటి ఒక చిన్నదాని సంగతి. పేరు అక్కర్లేదు.

ప్యానెల్‌లో సెల్లులన్నీ ఒకదాని వెనక ఒకటి వరసగా కలిపి ఉంటాయి. వాటిలో ఒక్కదాని మీద నీడ పడితే చాలు, అది కరెంటు పుట్టించడం మానేసి, పక్కవాళ్లు పుట్టించిన కరెంటును తన ఒంట్లో వేడిగా మార్చుకోవడం మొదలుపెడుతుంది. దాన్నే హాట్‌స్పాట్ అంటాం. వెనక డబ్బాలో బైపాస్ డయోడ్లు ఉంటాయి, నీడ పడ్డ వరసను పక్కకు తప్పించడానికి. అవి కూడా పోతే అద్దం వెనక పొర మాడిపోతుంది. ఈ నీడ ఎక్కువసార్లు ఎక్కడినుంచి వస్తుందంటే, కింద మొలిచిన గడ్డి నుంచి. ప్యానెల్ కింది అంచు దాటి నాలుగు వేళ్లు పెరిగిన పిచ్చిమొక్క చాలు.

అందుకని కెమెరా వెళ్లే దారిలో ముందుగా కొడవళ్లతో ఆడవాళ్లు నడుస్తారు. వరసలో గడ్డి కోసి, కోసింది లాగేసి, పక్క వరసకు జరుగుతారు. వెనకే కెమెరా వస్తుంది. కెమెరా ఎంత వేగంగా నడిస్తే వాళ్లూ అంత వేగంగా కోయాలి. ఒకప్పుడు ఇవే నేలల్లో చెనక్కాయ చేలల్లో కలుపు తీసినవాళ్లే వీళ్లలో చాలామంది. అప్పుడు ఎండ ముదిరితే చింతచెట్టు కింద కూర్చునేవాళ్లమని చెప్తారు. ప్లాంటులో చెట్టు ఉండదు. ఉంటే నీడ పడుతుంది కదా.

ఆ రోజు ఆరుగురు ఆడవాళ్లు, ఒక మేస్త్రి, నా సంచి మోయడానికి ఊళ్లోంచి ఒక కుర్రాడు. ఐటీఐలో ఎలక్ట్రీషియన్ చదివి ఉద్యోగం కోసం చూస్తున్నవాడు. చురుకైన పిల్లోడు. ఏ పరికరం చేతికిచ్చినా ఇది ఎందుకు, అది ఎందుకు అని అడుగుతాడు. ముందురోజు సాయంత్రం కెమెరా బ్యాటరీ పిన్నులు ఒక్కోటీ ఏం చేస్తుందో కూర్చోబెట్టి చెప్పించుకున్నాడు. అలాంటివాళ్లకు చెప్పడమంటే నాకు ఇష్టం.

పదకొండున్నరకు గాలి వేడి 42 డిగ్రీలు. ప్యానెళ్ల మీద 60 దాటింది. ఆడవాళ్లలో పెద్దావిడ ఒకామె వెనకబడుతోంది. కొడవలి నేలకానించి నిలబడి, మళ్లీ వంగుతోంది. మేస్త్రి కేకేశాడు: "కానీయండమ్మా, కెమెరా మీదికొచ్చేసింది!" ఆమెకు సాయంగా పక్కామె రెండు వరసలు కోసింది.

నా బ్యాటరీ చివరికొచ్చింది. కెమెరా ఆపి, వేరే బ్యాటరీ మార్చమని కుర్రాడి చేతికిచ్చి, అంతదాకా తీసిన బొమ్మల నంబర్లు పుస్తకంలో రాసుకుంటున్నాను. మార్చి ఇచ్చాడు. మీట నొక్కాను. రాలేదు.

మామూలుగా మీట నొక్కగానే చిన్న పచ్చదీపం వెలుగుతుంది. కంపెనీ గుర్తు వస్తుంది. కొద్దిసేపటికి లోపల 'టిక్' మని ఒక చప్పుడు. లెన్సు వెనక చిన్న రేకు ఒక్క క్షణం అడ్డుపడి, సెన్సర్‌లోని వేలకొద్దీ గళ్లన్నీ ఒకే వేడిని చూసి తమ లెక్క సరిచేసుకునే చప్పుడది. ఈ పనిలో ఉన్నవాళ్లకు ఆ టిక్కు వినపడితే ప్రాణం కుదుటపడుతుంది. ఆ రోజు దీపమూ లేదు, టిక్కూ లేదు.

పాత బ్యాటరీ తిరిగి పెట్టాను. కొద్దిపాటి చార్జి ఇంకా ఉండాలి. అదీ లేవలేదు. మీటను పదిహేను సెకన్లు అదిమిపట్టి వదిలాను. లోపల ప్రోగ్రాం బిగుసుకుపోతే దానికి ఇదే మందు. కదల్లేదు. మెమరీ కార్డు తీసేసి చూశాను. పాడైన కార్డు కొన్నిసార్లు కెమెరాను లేవనివ్వదు. అదీ కాదు. బ్యాటరీ రేకులను చొక్కా అంచుతో తుడిచాను. ఈ నేల దుమ్ము పిండి కంటే మెత్తన, ఎక్కడికైనా దూరుతుంది. తుడిచినా అంతే.

చేతిలో కెమెరా పెనంలా కాలుతోంది. ఇలాంటి కెమెరాలు పనిచేసే హద్దు సాధారణంగా 50 డిగ్రీలని పుస్తకంలోనే ఉంటుంది. గాలి 42 ఉన్నా, నల్లటి ప్లాస్టిక్ ఒళ్లు ఎండలో అంతకంటే చాలా ఎక్కువ వేడెక్కుతుంది. లిథియం బ్యాటరీకి తన కాపుదల సర్క్యూట్ ఒకటి ఉంటుంది. హద్దు దాటితే అది తనంతట తనే కరెంటు తెంచేస్తుంది. "వేడెక్కిపోయినట్టుంది, నీడకు తీసుకెళ్లాలి" అన్నాను.

అంతే, చూడాలి హడావిడి. మేస్త్రి ఎక్కడినుంచో గొడుగు తెచ్చి కెమెరా మీద పట్టాడు. ఆఫీసు నుంచి జీపు వచ్చింది. పని ఆపేయమన్నారు. కెమెరా లేనిదే గడ్డి ముందుగా కోసి లాభం లేదు కాబట్టి ఆడవాళ్లనూ రమ్మన్నారు. ఇన్వర్టర్ గది వరండాలో బల్ల వేశారు. కడవతో చల్లటి నీళ్లు, తడిపిన తువ్వాలు, పక్కన ఫ్యాను. తడి నేరుగా తగలకూడదు, లోపల చెమ్మ పడుతుందని చెప్పి, కెమెరాను ఒక సంచిలో చుట్టి, చుట్టూ తడిబట్ట కప్పించాను. ఆడవాళ్లు గోడవారగా కూలబడ్డారు. మిగిలిన నీళ్లు వాళ్లు తాగారు. పెద్దావిడ చాప మీద ఒరిగింది. ఎవరో ఆమె మెడ మీద తడి కొంగు వేశారు.

అరగంటకు కెమెరా ఒళ్లు చల్లబడింది. బ్యాటరీ పెట్టి నొక్కాను. లేవలేదు.

అంటే వేడి కాదు. ఇక్కడినుంచి పద్ధతిగా ఆలోచించాలి. చెడే వీలున్నవి రెండు: ఒకటి కెమెరా, రెండు దానికి అందే కరెంటు. ఏది చెడిందో ముందు విడదీయాలి. బ్యాటరీ తీసేసి, గదిలోని సాకెట్ నుంచి అడాప్టర్ తీగ పెట్టాను. పచ్చదీపం వెలిగింది. గుర్తు వచ్చింది. టిక్!

మేస్త్రి చప్పట్లు కొట్టాడు. కెమెరా నిక్షేపంగా ఉందన్నమాట. సరిచూసుకుందామని లెన్సును వరండా వైపు, బయటి నేల వైపు తిప్పాను. బయట ఎర్రమట్టి 58 చూపించింది. అంత వేడి నేలకు ఎదురుగా గోడవారన కూర్చున్న మనుషులు నల్లటి ఆకారాలుగా కనిపించారు. 36, 35. మండువేసవిలో ఈ ప్రాంతంలో థర్మల్ కెమెరా పట్టుకున్నవాళ్లకు ఇది తెలుసు. చలిదేశాల బొమ్మల్లో మనిషి వెలుగుతుంటాడు. ఇక్కడ మనిషే అన్నిటికంటే చల్లటి వస్తువు. ఒంట్లోని నీటిని చెమటగా పోసి పోసి ఆ చల్లదనం నిలుపుకుంటాడు. నీళ్లు అయిపోతే చెమట ఆగుతుంది. చెమట ఆగాక ఒళ్లు ఎంత వేగంగా వేడెక్కుతుందో, ఆ తర్వాత ఎంత కొద్ది సమయం మిగులుతుందో ఎండాకాలం ఆసుపత్రుల్లో పనిచేసే ఎవరినడిగినా చెప్తారు.

అడాప్టర్‌తో లేచి, రెండు బ్యాటరీలతోనూ లేవలేదంటే తేడా ఆ రెండింటికీ మధ్యన ఉంది. బ్యాటరీ దూరే గూట్లోకి ఫోను టార్చి వేసి చూశాను. ఎండలో నల్లటి గూట్లో ఏమీ కనిపించదు, నీడలో టార్చి వేస్తే కనిపిస్తుంది. అడుగున బంగారు రంగు పిన్నులు నాలుగు ఉండాలి. మూడే మెరిశాయి.

సన్నటి పట్టకారుతో నాలుగోదాని చోట గీరాను. చిన్న ముక్క ఊడి వచ్చింది. నల్లటి ఇన్సులేషన్ టేపు. గోటి మీద సగం కూడా లేదు. అంచులు బ్లేడుతో తిన్నగా కోసి, పిన్ను మీద కొలిచినట్టు అతికించి ఉంది. దుమ్ముతోపాటు ఎగిరి వచ్చి పడిన ముక్క కాదది.

ఆ నాలుగో పిన్ను బ్యాటరీ ఎంత వేడిగా ఉందో కెమెరాకు చెప్పే పిన్ను. ఆ కబురు అందకపోతే ఈ రకం కెమెరా లేవదు. బ్యాటరీకి ఏమవుతోందో తెలియకుండా దాన్ని పనిలో పెట్టకూడదని తయారుచేసినవాళ్లు అలా కట్టడి చేశారు. ఈ సంగతి ఆ ప్లాంటులో నాకు తెలుసు. ముందురోజు సాయంత్రం నుంచి ఇంకొకరికి తెలుసు.

కుర్రాడు గుమ్మంలోనే ఉన్నాడు, చేతిలో ఉప్పు చక్కెర కలిపిన నీళ్ల గ్లాసుతో. మేస్త్రి అప్పటికి బీడీ కోసం బయటికి వెళ్లాడు. టేపు ముక్కను వేలి మీద పెట్టి చూపించాను. వాడు తల దించుకోలేదు.

"పొద్దున తొమ్మిదికే పెద్దమ్మ కండ్లు తిరుగుతాండాయని చెప్పింది సార్. కూచుంటే సగం కూలి కోస్తామన్నారు. పదింటికి మళ్లీ చెప్పింది. నేనూ పోయి చెప్పినా. మనిషికి బాగలేదంటే పని ఆగలే సార్. కెమెరాకి బాగలేదంటే గొడుగు పట్టినారు, జీపు వచ్చింది, ఫ్యాను పెట్టినారు." గ్లాసు వైపు చూసి, "ఆ నీళ్లు ఆమెకూ అందినాయి" అన్నాడు.

వాడు వెళ్లి ఆమెను లేపి కూర్చోబెట్టాడు. ఆమె గుక్కగుక్కగా తాగింది. నుదుటి మీద చెమట ఉంది. చెమట ఉన్నందుకు నాకు ఊపిరి వచ్చింది.

ఫోను మోగింది. పై ఇన్‌చార్జి.

"ఏమైందండీ, తెలిసిందా?"

"తెలిసింది సార్. ఎండదెబ్బ" అన్నాను, ఆమె వైపే చూస్తూ.

"అయ్యయ్యో! అంత ఎండలో ఎందుకు తిప్పారండీ? ఇవాళ్టికి పని ఆపేయండి. నీడన పడుకోబెట్టండి, తడిబట్ట తీయొద్దు. రేపటి నుంచి పదకొండు కొట్టిందంటే బయటికి తీసుకెళ్లడానికి వీల్లేదు, పట్టిక మార్చేస్తున్నాను. దానికేమన్నా అయితే ఇంకోటి ఎక్కణ్నుంచి తెస్తాం?"