పల్లం చూసి నిలబెట్టిన బండి

నా డ్రైవరు సీటు కింద ఈ మధ్య ఒక పెట్ట గుడ్లు పెట్టి పొదుగుతోంది. ఇంటి పిల్లలు స్టీరింగు పట్టుకుని ఊగడానికి వస్తే మా ఆసామి భార్య వంటింట్లోంచే కేకేస్తుంది, "కోడి లేచేదాకా అటెల్లకండర్రా" అని. మన్యంలోని జి.మాడుగుల ఊరి చివర పనసచెట్టు కింద నన్ను నిలబెట్టి ఏళ్లయింది. ముందు చక్రానికి అడ్డంగా ఉన్న రాయి ఆసామి స్వయంగా పెట్టిందే. నా ముఖం పల్లం వైపే ఉంది. రాయి తీసి, పల్లానికి వదిలి, రెండో గేరులో క్లచ్ వదిలితే ఇప్పటికీ స్టార్టవుతానని ఆయన నమ్మకం. ఆ నమ్మకం సంగతి చెప్పాలంటే చాలా దూరం నుంచి ఎత్తుకోవాలి.

మా వంశం పుట్టింది యుద్ధం కోసం. 1940లో అమెరికా సైన్యం కొండా బురదా తేడా లేకుండా పోయే తేలికపాటి బండి కావాలంది. నమూనా బండికి ఇచ్చిన గడువు 49 రోజులు. ఆ గడువులో బండి తేగలిగింది పెన్సిల్వేనియాలోని బట్లర్ అనే ఊళ్లో ఉన్న బాంటమ్ అనే చిన్న కంపెనీ ఒక్కటే. కార్ల్ ప్రాబ్‌స్ట్ అనే ఇంజనీరు గీతలు గీసి ఇచ్చాడు. సెప్టెంబరు 23న బండిని రోడ్డు మీద నడుపుకుంటూ మేరీలాండ్‌లోని హోలాబర్డ్ శిబిరానికి తీసుకెళ్లి అప్పగించారు. ఇంత చేసినా పెద్ద ఆర్డరు వాళ్లకు దక్కలేదు. లక్షల బండ్లు చేసే శక్తి వాళ్లకు లేదనుకున్న సైన్యం ఆ నమూనాను విల్లీస్‌కూ, ఫోర్డుకూ చూపించింది. ఒహాయోలోని టొలీడోలో ఉన్న విల్లీస్ చేతిలో బార్నీ రూస్ తీర్చిదిద్దిన అరవై గుర్రాల ఇంజను ఉంది. పోటీ అక్కడే తేలిపోయింది. యుద్ధం ముగిసేసరికి విల్లీస్, ఫోర్డు కలిసి 6,40,000కు పైగా జీపులు చేశాయి. బాంటమ్ చేసినవి మూడు వేల లోపే. మా తొలి రూపాన్ని కన్నది వాళ్లు. వాళ్లను తలుచుకున్నప్పుడల్లా నాకు కడుపు తరుక్కుపోతుంది.

పేరు కోసమూ తగాదా నడిచింది. జీపును పుట్టించింది మేమేనని విల్లీస్ ప్రకటనలు వేసుకుంటే బాంటమ్ ఫిర్యాదు చేసింది. అలా చెప్పుకోవడం తప్పని 1948లో అమెరికా వాణిజ్య కమిషన్ తేల్చింది. అయినా 1950లో ఆ పేరు విల్లీస్ పేరు మీదే నమోదైంది. ఆ తర్వాత సంతలో దూడ చేతులు మారినట్టు మారింది. 1953లో కైజర్ కొన్నాడు, 1970లో అమెరికన్ మోటార్స్ కొంది, 1987లో క్రైస్లర్ కొంది. తర్వాత ఫియట్ చేతికొచ్చి, ఇప్పుడు స్టెలాంటిస్ అనే ఉమ్మడి కంపెనీ దగ్గరుంది.

మన దేశంలో మమ్మల్ని దించింది మహీంద్రా వాళ్లు. 1945లో జె.సి. మహీంద్రా, కె.సి. మహీంద్రా, మాలిక్ గులాం మహమ్మద్ కలిసి ఉక్కు వ్యాపారానికి మహీంద్రా అండ్ మహమ్మద్ పెట్టారు. దేశం రెండయ్యాక గులాం మహమ్మద్ పాకిస్తాన్‌కు మొదటి ఆర్థిక మంత్రిగా వెళ్లిపోయాడు. 1948లో కంపెనీ పేరు మహీంద్రా అండ్ మహీంద్రా అయింది. 1947 నుంచే విల్లీస్ దగ్గర అనుమతి తీసుకుని, విడిభాగాలు ఓడల్లో తెప్పించి బొంబాయిలో బిగించేవాళ్లు. నెమ్మదిగా ఒక్కో భాగం ఇక్కడే తయారుకావడం మొదలైంది.

నేను డెబ్బైల్లో కాందివలిలో పుట్టాను. మా రకాన్ని సి.జె. 3బి అంటారు. మెకానిక్కులకు మాత్రం 'హై బానెట్'. విల్లీస్ వాళ్లు 1953లో మా రకానికి పెట్టిన హరికేన్ ఇంజనులో ఇన్‌లెట్ వాల్వులు తలపైకి రావడంతో ఇంజను పొడుగైంది. దాన్ని కప్పడానికి బానెట్ ఎత్తు పెంచాల్సి వచ్చింది. చూడ్డానికి నుదురు పెద్దదైన మనిషిలా ఉంటాను. అమెరికాలో ఈ రూపాన్ని 1968లో ఆపేశారు. ఇక్కడ ఆ తర్వాత కూడా దశాబ్దాల పాటు ఇదే నుదురుతో మావాళ్లు పుడుతూ వచ్చారు.

నేను కొండెక్కింది ఒక ప్రభుత్వ శాఖ బండిగా. శాఖ పేరు అనవసరం. ఆ రోజుల్లో ఈ మన్యంలో జీపంటే ఏమిటో నా కళ్లతో చూశాను. మలుపులో నా చప్పుడు వినబడగానే ఆడవాళ్లు పిల్లల్ని లాక్కుని లోపలికి పోయేవారు. మగవాళ్లు కత్తీ గొడ్డలీ చూరులో దాచి పోడు వైపు వెళ్లిపోయేవారు. వీధిలో కుక్కలు మాత్రం మిగిలేవి. వాళ్ల భయానికి కారణం ఉంది. ఇక్కడ రోడ్డే భయంతో మొదలైంది. నర్సీపట్నం నుంచి చింతపల్లికి దారి వేయించడానికి గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ కొండవాళ్ల చేత వెట్టి చేయించాడు. అల్లూరి సీతారామరాజు వెనక జనం నడవడానికి ఆ వెట్టి ఒక పెద్ద కారణం. 1922 ఆగస్టు 22న వాళ్లు చింతపల్లి పోలీసు స్టేషను మీద పడి తుపాకులు పట్టుకుపోయారు. ఆ కథలు విని పెరిగిన ముసలివాళ్లకు రోడ్డు మీద వచ్చేదేదీ మంచికి వస్తుందనిపించేది కాదు. నన్ను చూసి ఒక పాప అరుగు మీంచి పడి మోకాలు చీరుకుంది. ఆ ఏడుపు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది.

ఎనభైల చివర్లో నన్ను పనికిరాదని వేలానికి పెట్టారు. పాడేరు నుంచి వచ్చిన ఒక బగత తెగ రైతు నన్ను పాడుకున్నాడు. మా ఆసామి ఆయనే. పసుపు, మిరియాలు అమ్మిన డబ్బుకు బావమరిది అప్పు కలిపి తెచ్చాడు. డబ్బు కట్టాక ఆయన చేసిన మొదటి పని నా నేల మీద కూర్చుని అరచేత్తో అడుగు రేకు మొత్తం తడమడం. ఎక్కడ తుప్పు తిందో కళ్లతో కాదు, చేత్తో చూశాడు. మూడు చోట్ల వేలు దిగిపోయింది. "అతుకేయిద్దాంలే బావా, ఎముకలు బానే ఉన్నాయి" అన్నాడు బావమరిదితో. కొండెక్కేముందు ఘాట్‌లో అమ్మవారి పాదాల దగ్గర ఆపి, కొబ్బరికాయ కొట్టి, ఆ నీళ్లు నా నుదుటి మీద చల్లాడు.

అప్పటి నుంచి నేను సర్వీసు జీపును. జి.మాడుగుల సంత, పాడేరు సంత, చింతపల్లి సంత. తెల్లారకముందే అడ్డాకుల కట్టలు, పసుపు బస్తాలు, చింతపండు బుట్టలు, కాళ్లు కట్టిన కోళ్లు ఎక్కేవి. వాటి మీద మనుషులు ఎక్కేవాళ్లు. వెనక మెట్టు మీద నలుగురు, బానెట్ మీద ఇద్దరు, టాపు మీద ఎందరో. అంత బరువు ఘాట్‌లో ప్రాణాల మీదికి తెస్తుందని ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. ఇంకో బండి లేని ఊళ్లో చెయ్యెత్తిన మనిషిని వదిలేసి పోవడం ఆయన వల్ల కాలేదు. ఒకసారి ఎగువలో యాక్సిల్ రాడ్డు విరిగి వెనక్కి జారాను. క్లీనరు కుర్రాడు దూకి చక్రం కింద రాయి తోశాడు. ఆ రోజు నుంచి ఆ కుర్రాడి రాయి సీటు కిందే ఉండేది.

పెట్రోలు ఖర్చు తట్టుకోలేక తర్వాత నర్సీపట్నంలో నా ఇంజను దించి పాత డీజిల్ ఇంజను ఎక్కించారు. దాని బరువుకు ముందు కమాన్‌లకు ఒక్కో పట్టీ ఎక్కువ వేశారు. హరికేను పోయింది. హ్యాండిల్ పెట్టి తిప్పే రంధ్రం మాత్రం బంపరులో అలాగే ఉండిపోయింది. డీజిలుకు చలి పడదు. ఇక్కడ చలికాలం చన్నీళ్లు ముట్టుకుంటే వేళ్లు కొంకర్లు పోతాయి. బ్యాటరీ ఎన్నిసార్లు మార్చినా సెల్ఫు పట్టేది కాదు. అందుకే ఆయన ఎక్కడికి పోయినా ముందు పల్లం వెతికేవాడు. పెళ్లికి పోయినా, చావుకు పోయినా, గిరిజన సహకార సంస్థ డిపో దగ్గర సరుకు దించినా, పల్లం చూసి నన్ను నిలబెట్టి చక్రానికి రాయి పెట్టాకే చెప్పులు విడిచేవాడు. డిసెంబరు, జనవరిలో భార్య పొయ్యి మీద నీళ్లు కాచి తెస్తే రేడియేటరులో పోసేవాడు. ఆ వేడి లోపలికి దిగుతుంటే నాకు నిద్ర తేరేది.

అయితే నన్ను ఈ కొండలు తమదాన్ని చేసుకున్న రాత్రి అంతకుముందే, పెట్రోలు ఇంజను ఉన్న రోజుల్లోనే వచ్చింది. శ్రావణమాసం, ముసురు. నుర్మతి వైపు నుంచి ఒక మనిషి పరుగెత్తుకుంటూ వచ్చాడు. పురుటి నొప్పులు పడుతున్న పిల్లను డోలీలో గెడ్డ దాకా మోసుకొచ్చారు, గెడ్డ పొంగింది, మోసేవాళ్లకు కాలు నిలవడం లేదు. ఆసామి ఏమీ అడగలేదు. గెడ్డ ఒడ్డున దిగి లాంతరు వెలుగులో నా బానెట్ ఎత్తాడు. ఫ్యాన్ బెల్టు విప్పి భుజాన వేసుకున్నాడు, రెక్కలు తిరిగితే నీళ్లు ఇంజను మీద చిమ్ముతాయి కాబట్టి. రేడియేటరు ముందు గోనె కట్టాడు. ఫోర్ వీలు, లో గేరు వేసి నన్ను నీళ్లలోకి దించాడు. నీళ్లు అడుగు రేకు దాటి ఆయన పాదాలు తడిపాయి. అవతలి ఒడ్డున డోలీ బొంగుకు కట్టిన దుప్పటితోనే పిల్లను వెనక పడుకోబెట్టారు.

తిరిగి వస్తుంటే గెడ్డ నడిమధ్యలో నేను ఆగిపోయాను. ప్లగ్గులకు స్పార్కు పంచే డెల్కోలోకి తడి దిగింది. అప్పటి నా భయం చెప్పలేను. ఆసామి నడుం లోతు నీళ్లలో నిలబడి డెల్కో మూత తీశాడు. ఒంటి మీద పొడి గుడ్డ లేదు. వెనక నుంచి ఆ పిల్ల అత్త తన కొప్పు విప్పి, ముడిలో దాచుకున్న చిన్న గుడ్డ తీసి ఇచ్చింది. తల నూనె అంటిన గుడ్డ. దానితోనే పాయింటు పాయింటూ తుడిచాడు. బ్యాటరీలో ఏ మాత్రం ఉందో, ఒకే ఒక్క సెల్ఫుకు పట్టాను. పాడేరు ఆసుపత్రి చేరేసరికి తెల్లవారింది. ఆడపిల్ల పుట్టింది. ఆ అత్త గుడ్డ ఆసామి తిరిగి ఇవ్వలేదు. ఆమె అడగలేదు. చాలాకాలం నా టూల్ బాక్సులోనే ఉంది.

ఆ తర్వాత నా చప్పుడు వింటే ఎవరూ లోపలికి పోలేదు. "జీపొచ్చింది" అంటూ బయటికొచ్చేవారు. తర్వాత్తర్వాత కమాండరు బండ్లు వచ్చాయి, ఆటోలు వచ్చాయి, బొలెరోలు వచ్చాయి, కుర్రాళ్లకు మోటారు సైకిళ్లు వచ్చాయి. తారు రోడ్లు పడ్డాయి. అయినా ఇక్కడి ముసలివాళ్లు ఆ బండ్లన్నిటినీ జీపు అనే అంటారు. అమెరికాలో తగాదా పడి కాపాడుకున్న పేరును వీళ్లు అడక్కుండానే అందరికీ పంచేశారు. డోలీ బొంగులు మాత్రం ఇంకా చూరుల్లో ఉన్నాయి. రోడ్డు అందని గూడేలు ఉన్నాయి కాబట్టి. ఆ మాట వింటే పనసచెట్టు కింద నిలబడలేను.

ఒక సాయంత్రం ఆసామి మనవరాలు సెల్లులో చూసి తాతకు చదివి వినిపించింది. 2018లో మహీంద్రా వాళ్లు మా రూపంలోనే రాక్సర్ అనే బండిని మిషిగన్‌లో బిగించి అమెరికాలో అమ్మకానికి పెడితే, అది జీపు ఆకారాన్ని పోలి ఉందని అక్కడి కంపెనీ ఫిర్యాదు చేసింది. 2020లో అమెరికా అంతర్జాతీయ వాణిజ్య కమిషన్ ఆ రూపంతో అమ్మవద్దంది. ముఖం మార్చాక ఒప్పుకుంది. ఆసామి చాలాసేపు మాట్లాడలేదు. లేచి వచ్చి నా ముందు నిలబడి, గ్రిల్లు సందుల్లో చిక్కుకున్న పనసాకులు ఒక్కొక్కటీ ఏరాడు.

మొన్న విశాఖపట్నం నుంచి ఇద్దరు వచ్చారు. పాత హై బానెట్‌లు వెతికి బాగుచేయించుకునేవాళ్లట. వంగి చాసిస్ చూశారు, బంపరులో హ్యాండిల్ రంధ్రం చూసి మురిసిపోయారు. మంచి ధరే చెప్పారు. ఒకసారి స్టార్టు చేసి వినిపించమన్నారు. ఆసామి చక్రం దగ్గరికి వచ్చి, కాలితో రాయిని కదిపి చూశాడు. నా ఒళ్లు ఒక్క వేలెడు ముందుకు ఒరిగింది. సీటు కింద పెట్ట రెక్కలు విదిల్చి కొక్కరించింది. ఆయన రాయిని మళ్లీ గట్టిగా తోసి పెట్టాడు.

"కోడి లేచాక రండి బాబూ" అన్నాడు.