గుర్రమెక్కబోయే పిల్లల తల్లిదండ్రులకు ఉచిత సలహాలు

వేసవి సెలవులు పడ్డాయి. పక్కింటి పిల్లాడు ఈతకీ ఎదురింటి పిల్ల కీబోర్డుకీ వెళ్తున్నారు కాబట్టి, మీరు మీ అమ్మాయిని హైదరాబాదు శివార్లలో గుర్రపుస్వారీ శిబిరంలో చేర్పించారు. శుభం. డబ్బు కట్టేముందు అడగకూడని ప్రశ్న ఒక్కటే: రోజుకి ఎంతసేపు గుర్రమెక్కిస్తారు? అడిగితే ముప్పావు గంటని నిజం చెప్పేస్తారు. మిగతా రోజంతా గుర్రమే మీ అమ్మాయి నెత్తికెక్కి కూర్చుంటుంది.

ముందు బట్టల సంగతి. బిగుతు పంట్లాం, మోకాళ్లదాకా బూట్లు, చేతి తొడుగులు, నల్లకోటు అన్నీ కొనండి. హెల్మెట్ దగ్గర మాత్రం పొదుపు పాటించి అన్నయ్య క్రికెట్ హెల్మెట్ సర్దేయండి. శిబిరంవాళ్లు దాన్ని పక్కన పెట్టి, స్వారీకోసం చేసినదే తగిలిస్తారు. నల్లకోటుని కూడా పక్కనే పెడతారు. మే నెల కదా.

ఇంట్లో ఎనిమిదైనా దుప్పటి వదలని పిల్లని అక్కడ నాలుగున్నరకే లేపుతారు. ఎండ ముదిరేలోపు స్వారీ ముగిసిపోవాలి. గుర్రానికీ మనలాగే ఒళ్లంతా చెమట పడుతుంది, వడదెబ్బా తగులుతుంది. మధ్యాహ్నం గుర్రాల దగ్గర కూలర్లు, పిల్లల గదిలో ఫ్యాను. ఈ అన్యాయం గురించి గట్టిగా ఫిర్యాదు చేయండి. వాళ్లు గుర్రం ఖరీదు చెబుతారు. తర్వాత మీరే ఇంకో కూలర్ గుర్రం వైపు తిప్పి వస్తారు.

లేచిన వెంటనే లద్దె ఎత్తడం. తాగిన గ్లాసు సింకులో పెట్టని పిల్ల చేతికి పార, తట్ట ఇస్తారు. ఒక్క గుర్రం రోజుకి 15 నుంచి 20 కిలోలు వేస్తుంది కాబట్టి పని దొరకలేదన్న బెంగ అక్కర్లేదు. తర్వాత మాలీసు: గుండ్రటి బ్రష్షుతో దుమ్ము రేపాలి, మెత్తటి బ్రష్షుతో ఆ దుమ్ము తన ముఖంమీదికి దులుపుకోవాలి, ఆపైన నాలుగు డెక్కలూ ఒక్కొక్కటే ఎత్తి, లోపల ఇరుక్కున్న రాళ్లూ మట్టీ గీకి తీయాలి. డెక్క పట్టుకోగానే గుర్రం తన బరువులో కొంత మీ అమ్మాయి భుజానికి అప్పగిస్తుంది. అది ప్రేమ అని చెప్పండి. విరాటుడి కొలువులో నకులుడు దామగ్రంథి పేరుతో ఏడాదిపాటు చేసింది గుర్రాల సేవే. ఆయనది కొలువు, రాజు పోషించాడు. మనం ఫీజు కట్టాం.

ఇదంతా మీరు చూడాలంటే ఆదివారం వెళ్లాలి. ఫొటోకోసం గుర్రం వెనకనుంచి చప్పుడు కాకుండా దగ్గరికి చేరండి. దాని కళ్లు తలకు రెండు పక్కలా ఉంటాయి కనుక చుట్టూ దాదాపు అంతా కనబడుతుంది. కనబడని చోట్లు రెండే, ముక్కు ముందు కాస్త, తోక వెనక కాస్త. ఆ రెండోదే మీరు ఎంచుకోవాలి. అక్కడెవరున్నారో తిరిగి చూసే ఓపిక దానికుండదు, కాలితోనే కనుక్కుంటుంది. ఆ యోగం లేకపోతే కంచె పక్కన నిలబడి చిప్స్ ప్యాకెట్ విప్పండి. అర టన్ను బరువుండే జంతువు ప్లాస్టిక్ గరగరకి ఎంత దూరం గెంతగలదో మీరూ చూస్తారు, పైనున్న మీ అమ్మాయీ చూస్తుంది.

గుర్రం పేరు చూసి ధైర్యపడొద్దు, భయపడొద్దు. ‘తూఫాన్’ అన్నది నడుస్తూ నడుస్తూ కునుకు తీస్తుంది. ‘శాంతి’ అన్నదాని దగ్గరికి గుర్రాలను చూసుకునే సయీస్ కూడా చెయ్యి ముందుకు చాచి, పలకరించి మరీ వెళ్తాడు. చెవులు వెనక్కి అతుక్కుపోయాయంటే అది పేరు మార్చుకుందని అర్థం.

జీను బిగించేటప్పుడు అమ్మాయిని తొందరపెట్టండి. ముదురు గుర్రాలు పొట్టకింద పట్టీ బిగిస్తుంటే కావాలనే గాలి పీల్చి ఉబ్బుతాయి, నాలుగడుగులు వేశాక వదిలేస్తాయి. పట్టీ వదులవుతుంది. అందుకే తెలిసినవాళ్లు కాస్త నడిపించి మళ్లీ బిగిస్తారు. మీరు మాత్రం ‘ఇందాక బిగించావుగా, ఎక్కవే తల్లీ’ అనాలి. అమ్మాయి ఎడమవైపు రికాబులో కాలు పెట్టగానే జీను మొత్తం మర్యాదగా ఆమె వైపు వంగి, నేలమీదికి దించుతుంది.

నేర్పే ఉస్తాద్ చాలాచోట్ల సైన్యంలో గుర్రాలతో పనిచేసి రిటైరైన మనిషి. ఆయనకి రెండే వాక్యాలు వచ్చనిపిస్తుంది: ‘ఏడీ నీచే! కమర్ సీధీ!’ మడమలు కిందికి, నడుం నిటారుగా. మూడు వారాలూ అవే. నడక అయ్యాక దుడుకు నడక మొదలవుతుంది. దాన్ని అందరూ ట్రాట్ అంటారు. ముందు ఎడమకాలు వెనక కుడికాలితో, ముందు కుడికాలు వెనక ఎడమకాలితో జతగా పడతాయి. రెండే దెబ్బల తాళం. ఒక దెబ్బకి జీనుమీంచి లేవాలి, రెండో దెబ్బకి కూర్చోవాలి. మొదటివారం గుర్రం లేచినప్పుడు అమ్మాయి కూర్చుంటుంది, అమ్మాయి లేచినప్పుడు గుర్రం దిగుతుంది. ఆ రాత్రి భోజనాలు నిలబడి చేస్తారు. మీరు కంచె దగ్గరనుంచి ‘లే! కూర్చో!’ అని తాళం వేయండి. మీ తాళం, గుర్రం తాళం, ఉస్తాద్ కేక మూడూ కలవవు కనుక పిల్ల ఎవరి మాటా వినకుండా తనే నేర్చుకుంటుంది. నిజం చెప్పాలంటే అలా నేర్చుకున్న పిల్లలే బాగా నేర్చుకున్నారు.

తిండి విషయంలో ఉదారంగా ఉండండి. గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదన్నారు. ఇంట్లో ఉలవచారు ముట్టని మీ అమ్మాయి, అక్కడ ఉడికిన ఉలవలు, తవుడు కలిపిన బక్కెట్టు మోచేతులదాకా చేతులు పెట్టి కలుపుతుంది. అది చాలదన్నట్టు మీరు అరిసెలు, సున్నుండలు పట్టుకెళ్లి గుప్పెళ్లతో పెట్టండి. గుర్రానికి వాంతి చేసుకునే వీలు లేదు. లోపలికి పోయింది ఇటువైపునుంచి తిరిగి రాదు. అర్ధరాత్రి కడుపునొప్పితో అది పొట్టవైపు తిరిగి చూసుకుంటూ నేలమీద దొర్లుతుంటే డాక్టరు వస్తాడు, ముక్కులోంచి కడుపులోకి గొట్టం వేస్తాడు. సయీస్ నిద్ర మానుకుని తెల్లవార్లూ దాని దగ్గరే ఉంటాడు. ప్రాణం పోయే నొప్పి అది. మీరు ఆపాటికి ఇల్లు చేరి, గుర్రం సున్నుండ తింటున్న వీడియో చుట్టాలందరికీ పంపేసి ఉంటారు.

మూడోరోజుకల్లా ఒలింపిక్స్ గురించి వాకబు చేయండి. హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో 2023లో డ్రెస్సేజ్ అనే స్వారీ పోటీలో మన జట్టు బంగారు పతకం తెచ్చింది. గుర్రపుస్వారీలో 1982 తర్వాత మనకి మళ్లీ బంగారం అప్పుడే. ఆ జట్టులోని నలుగురూ ఐరోపాలో ఏళ్లతరబడి సాధన చేసినవాళ్లని ఉస్తాద్ చెబుతాడు. అప్పుడు మీరు ‘మావాళ్లకి ఇంకా పద్దెనిమిది రోజులున్నాయి కదండీ’ అనండి. ఆయన టోపీ సర్దుకుని గుర్రం దగ్గరికి వెళ్లిపోతాడు. దానితో మాట్లాడటం ఆయనకి సులువు.

చివరిరోజు ప్రదర్శన, పతకం, సర్టిఫికెట్టు ఉంటాయి. కారెక్కాక మీ అమ్మాయి అడిగే మాట ఒకటే: ‘నాన్నా, మనమూ గుర్రం కొనుక్కుందామా?’ వద్దని మీ నోటితో అనకండి. అపార్ట్‌మెంట్ సంఘం కార్యదర్శికి ఒక దరఖాస్తు రాయించండి. రోజుకి ఎనిమిది, పది కిలోల గడ్డి పార్కింగులో ఎక్కడ నిలవ చేయాలి, ట్యాంకర్ల కాలంలో దానికి రోజూ కావలసిన ముప్పై నలభై లీటర్ల నీళ్లు ఎవరి వాటాలోంచి తీయాలి, లద్దె తడి చెత్త కిందికి వస్తుందా, కుక్కనే రానివ్వని లిఫ్టులో గుర్రానికి అనుమతి ఇస్తారా, అన్నీ వివరంగా అడగమనండి. ఆయన సర్వసభ్య సమావేశంలో పెట్టి చెబుతానంటాడు. ఆ సమావేశం జరిగేలోపు వచ్చే వేసవి సీట్లు నిండిపోతాయి కనుక, ఫీజు ముందే కట్టేయండి.