అలల అల్లుడు

గీత గీసి కొలిస్తే హిందూపురం నుంచి తూర్పుకు పోయినా, పడమరకు పోయినా సముద్రం సుమారు 300 కిలోమీటర్లు. ఊరేమో సముద్రమట్టానికి 600 మీటర్ల పైన. అంటే దేవుడు ఈ ఊరిని రెండు సముద్రాలకూ సమదూరంలో, ఏది పొంగినా అందనంత ఎత్తులో, బాగా ఆలోచించే పెట్టాడు. ఆ ఏర్పాటును ఖాతరు చేయని మనిషి ఒకడు ఈ మధ్య మా వైపు తయారయ్యాడు. హిందూపురంలో పుట్టి, బెంగళూరులో ఉద్యోగం నేర్చి, ధర్మవరం అమ్మాయిని చేసుకొని, కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో అప్పు మీద ఇల్లు కొని, నలభయ్యో ఏట సర్ఫింగ్ మొదలుపెట్టిన మనిషి. ఒక్కడే అయితే పేరు చెప్పి ఊరుకుందును. చూడబోతే ప్రతి చుట్టరికంలోనూ ఒకడు తేలుతున్నాడు. అందరినీ కలిపి అలల అల్లుడు అందాం. ధర్మవరంలో అత్తగారి వీధివాళ్లు పెట్టిన పేరే అది.

మీ ఇంటికొస్తే ఆయన్ను గుర్తుపట్టడం కష్టం కాదు. సంక్రాంతికి దిగుతాడు. భుజాలు కొత్తగా విచ్చుకుని ఉంటాయి, పొట్ట పాతదే. కాఫీ గ్లాసు పట్టుకొని కిటికీలోంచి వేపకొమ్మలు ఊగడం చూసి, "మంచి ఆఫ్‌షోర్ గాలి మామా" అంటాడు. గాలి ఒడ్డు మీది నుంచి సముద్రం వైపు వీస్తే అల తొందరగా విరిగిపోకుండా నున్నగా, నిటారుగా నిలబడుతుందట. ఒడ్డే లేని ధర్మవరంలో గాలి ఎటు నుంచి ఎటు వీచినా ఒకటేనని మామకు తెలుసు. అయినా "అవునప్పా, గాలి బాగుండాది" అంటాడు. పిల్లనిచ్చిన తరువాత వాదనలేముంటాయి?

ఈయనకు నీళ్లు తెలియవనడం అన్యాయం. వంశంలో ఈత ఉంది. తాత నడుముకు ఎండు సొరకాయలు కట్టుకొని తోటబావిలో నేర్చుకున్నాడు. నాన్న అదే బావిలో, నీళ్లు తగ్గి మెట్లు పెరిగిన కాలంలో నేర్చుకున్నాడు. ఈయన వంతు వచ్చేసరికి బావిలో ముళ్లకంప, పక్కన వెయ్యడుగుల బోరు మిగిలాయి. ఆరంగుళాల బోరులో ఈత నేర్వడం ఎంత మొండి సీమబిడ్డకైనా సాధ్యం కాదు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వానతో సరిపెట్టుకునే నేల ఇది. ఆ సగటులోనూ నాలుగు మంచి ఏళ్ల పుణ్యమే ఎక్కువ. కాబట్టి ముప్పై అయిదో ఏట, అమెరికాలో, ఆరేళ్ల కూతురితో పాటు ఒకే క్లాసులో చేరి ఈత నేర్చుకున్నాడు. సర్టిఫికెట్ కూతురికి ముందు వచ్చింది.

ఆ పైన ఆఫీసులో ఎవరో సర్ఫింగ్ అంటించారు. శాన్‌ఫ్రాన్సిస్కోకు దక్షిణాన పసిఫికా అనే ఊరుంది. అక్కడ లిండా మార్ అని, రెండు కొండ కొమ్ముల నడుమ వంపు తిరిగిన ఇసుక తీరం. అడుగున బండలు లేవు. పడితే ఇసుక, తన్నుకుంటే ఇసుక, నోట్లోకి పోయేదీ ఇసుకే. అందుకే కొత్తవాళ్లందరికీ అదే బడి. ఎండెక్కితే జనం కిటకిటలాడతారు కనుక మన అల్లుడు శనివారం చీకటితోనే బయలుదేరతాడు. సోమవారం తొమ్మిది గంటల మీటింగుకు మంచం దిగని మనిషి శనివారం నాలుగున్నరకు కారు తీయడం చూసి భార్య మొదట వేరే అనుమానం పడింది. ఒకసారి వెంట వెళ్లి, నల్ల రబ్బరు తొడుగులో వణుకుతున్న పదిమంది మగవాళ్లను చూసి, అనుమానానికి తగినంత అందం అక్కడ లేదని తేల్చుకొని, మళ్లీ వెళ్లలేదు.

వణుకు ఎందుకంటే, అక్కడి నీళ్లు ఏడాది పొడుగునా 10 నుంచి 15 డిగ్రీల మధ్యే ఉంటాయి. వసంతంలో వాయవ్యపు గాలి తీరం వెంబడి వీచి పైనీటిని లోపలికి తోసేస్తుంది. ఆ చోటు నింపడానికి సముద్రపు అడుగు నుంచి చల్లటి నీళ్లు లేచి వస్తాయి. మండే వేసవిలో కూడా అక్కడ కాళ్లు జిల్లుమంటాయి. 42 డిగ్రీల ధర్మవరం ఎండకు రాటుదేలిన ఒళ్లు కదా, చలికి ఏం జంకుతుందిలే అనుకొని మొదటిరోజు ఉత్త నిక్కరుతో దిగాడు. ఎన్నో ఏళ్లుగా ఇంగ్లీషులోనే కలలు కంటున్న మనిషి నోట ఆ రోజు వెలువడినదంతా హిందూపురం సంతబజారు తెలుగే.

మరుసటి వారమే వెట్‌సూట్ కొన్నాడు. ఛాతీ దగ్గర 4 మిల్లీమీటర్లు, చేతులకూ కాళ్లకూ 3 మిల్లీమీటర్ల మందం నియోప్రీన్. ఆ రబ్బరులో సన్నసన్నని గాలి బుడగలు చలిని ఆపుతాయి. లోపలికి చేరిన పల్చటి నీటిపొర ఒంటి వేడికే వెచ్చబడుతుంది. బర్క్‌లీ విశ్వవిద్యాలయపు భౌతిక శాస్త్రవేత్త హ్యూ బ్రాడ్నర్ 1952 ప్రాంతంలో ఈ ఉపాయం కనిపెట్టాడనీ, అదే ఏడు జాక్ ఓనీల్ శాన్‌ఫ్రాన్సిస్కోలో దుకాణం తెరిచి ఇలాంటి తొడుగులకు ప్రచారం తెచ్చాడనీ అల్లుడు సవివరంగా చెబుతాడు. తొడుక్కుంటూనే చెబుతాడు. చరిత్రంతా అయ్యేసరికి మోకాళ్ల వరకు ఎక్కి ఉంటుంది.

విప్పే విద్యలో మాత్రం ఆయన ఆ తీరానికే గురువు. కారు పార్కింగులో అమెరికావాళ్లు చిన్న తువ్వాలును పళ్లతో కరచిపట్టి, ఒంటికాలి మీద గెంతుతూ, పరువు కోసం పోరాడుతుంటారు. మనవాడు లుంగీలోకి దిగుతాడు. బోరు మోటారు దగ్గర, పెళ్లి విడిదిలో, రైలు పెట్టెలో నేర్చిన పట్టు అది. రెండు నిమిషాల్లో, ఎక్కడా ఏదీ కనపడనివ్వకుండా, తడి రబ్బరు కింద పడుతుంది, పొడి ప్యాంటు పైకి వస్తుంది. అలల మీద ఆయన్ను ఎవరూ మెచ్చుకోలేదు గానీ, లుంగీ ఎక్కడ దొరుకుతుందని అడిగినవాళ్లు చాలామంది.

ఇక ఆయన ఉదయాలు. శాన్‌ఫ్రాన్సిస్కోకు ఆవల, నడిసముద్రంలో అమెరికా ప్రభుత్వం వారి తేలుడు యంత్రాలున్నాయి. అలల ఎత్తెంత, ఏ దిక్కు నుంచి వస్తున్నాయి, ఒకదాని వెనుక ఒకటి ఎన్ని సెకన్లకు వస్తున్నాయి, అంతా అవి చెబుతాయి. ఎనిమిది సెకన్లంటే పక్కనే వీచిన గాలి తెచ్చిన చిల్లర అలలు. పద్నాలుగు దాటిందంటే ఎక్కడో అలాస్కా వైపు తుపాను పుట్టి, ఆ ఊపు వేల కిలోమీటర్లు నడిచి వచ్చిందని అర్థం. అల్లుడు కళ్లు తెరవగానే ఫోనులో ఈ అంకెలు చూసి, "పద్నాలుగు!" అని కేకేస్తాడు. భార్య పిల్లకు జ్వరమేమోనని ఉలిక్కిపడుతుంది.

ఇది పిచ్చి అనుకునే ముందు హిందూపురంలో ఆయన నాన్నను చూడండి. జూలై వచ్చిందంటే ఆ పెద్దాయన పేపరు రాగానే రాజకీయాలు పక్కకు తోసి శ్రీశైలం నీటిమట్టం వెతుకుతాడు. నిండుమట్టం 885 అడుగులు. మహాబలేశ్వరం కొండల్లో ఎంత వాన పడింది, ఆల్మట్టి గేట్లెత్తారా, జూరాల దాటిందా, ఇవన్నీ ఆయనకు మనవరాలి మార్కుల కంటే బాగా తెలుసు. మల్యాల దగ్గర పంపులు తిరిగితే హంద్రీ నీవా కాలువ మెట్టుమెట్టుగా నీళ్లెత్తుకొని పెనుకొండ పక్కన గొల్లపల్లి జలాశయానికి చేరుస్తుంది. మహారాష్ట్రలో ఉరిమిన మబ్బు కోసం ఇక్కడ తండ్రి, అలాస్కాలో పుట్టిన గాలి కోసం అక్కడ కొడుకు, ఇద్దరూ ఎన్నడూ చూడని చోట కదిలిన నీళ్ల అంకెలు చదువుకుంటూ కూర్చుంటారు. వీడియో కాల్‌లో తండ్రి "ఎనిమిదొందల అరవై రెండు దాటినాది" అంటే, కొడుకు "ఇక్కడ పదమూడు సెకన్లు నాయనా" అంటాడు. ఒకరి లెక్క ఒకరికి అర్థం కాదు. ఇద్దరికీ సంతోషమే.

నీళ్లలోకి దిగాక కూడా సర్ఫింగ్ అంటే ముప్పాతిక భాగం కాచుకుని కూర్చోవడమే. బోర్డు మీద కాళ్లు అటూ ఇటూ వేసుకొని పడమటికి చూస్తూ ఉండాలి. ఈ విద్యలో అనంతపురం సీమవాణ్ణి మించినవాడు లేడు. వీధి కుళాయి దగ్గర బిందెల వరసలో పెరిగినవాడికి ఆ సముద్రం ఏమాత్రం కొత్తగా అనిపించలేదు. అల మొదట ఎక్కడ విరుగుతుందో ఆ చోటికి దగ్గరగా ఉన్నవాడిదే హక్కు. వాడు లేచాక మధ్యలో ఇంకొకడు దూరితే మహాపరాధం. కుళాయి దగ్గర ఇదే నేరానికి జుట్లు పట్టుకుంటారు, ఇక్కడ గుర్రుగా చూసి వదిలేస్తారు. ఆయనకున్న వెలితి ఒక్కటే: బిందెను వరసలో పెట్టి ఇంటికెళ్లి కాఫీ తాగి వచ్చే సౌకర్యం పసిఫిక్ మహాసముద్రంలో లేదు.

మరి ఎక్కడం సంగతి? అది అడగకూడదు. నీటి లోతు అల ఎత్తుకు కాస్త ఎక్కువగా మిగిలిన చోట అల ముందుకు తూలి విరుగుతుంది. ఇసుక తీరంలో ఆ చోటు నిన్నటిది ఇవాళ ఉండదు. అడుగు తిన్నెలు జరిగిపోతూ ఉంటాయి. అల్లుడు ఎప్పుడూ నిన్నటి చోటే కూర్చుంటాడు. దొరికిన అలకు చేతులతో తెడ్డు వేస్తాడు, లేస్తాడు, ఆ లేవడంలో సగం దూరం వెళ్లి, మిగతా సగం నీళ్ల అడుగున పూర్తి చేస్తాడు. మూడు గంటల్లో రెండు కాళ్ల మీద నిలబడిన కాలం కలిపితే ఒక తుమ్ముకు సరిపోతుంది. ఇంటికొచ్చాక చెప్పే కథ మధ్యాహ్నం భోజనానికి సరిపోతుంది.

ఆ కథ మొదటిసారి విన్న అత్తగారు శ్రద్ధగా అడిగింది. "అల దొరికితే ఏం చేస్తావు నాయనా?"

"దాని మీద నిలబడి ఒడ్డుకు వస్తా అత్తమ్మా."

"ముందు యాడుంటివి?"

"ఒడ్డునే."

"అయితే పోకుంటే సరిపోయేది కదా."

ప్రపంచంలోని సర్ఫింగ్ సాహిత్యమంతా కలిసినా ఈ ప్రశ్నకు జవాబు చెప్పలేదు.

పెనుకొండ మిత్రుల దగ్గర ఈయన ఇంకో దారి పట్టాడు. ఎర్రమంచి దగ్గర కియా కార్ల ఫ్యాక్టరీలో షిఫ్టు దిగి వచ్చిన స్నేహితుణ్ణి గగన్‌మహల్ నీడలో కూర్చోబెట్టి చరిత్ర మొదలుపెట్టాడు. 1885లో ముగ్గురు హవాయి రాకుమారులు చదువు కోసం కాలిఫోర్నియా వచ్చి, శాంటాక్రూజ్ దగ్గర రెడ్‌వుడ్ పలకల మీద అలలెక్కారనీ, అమెరికా గడ్డ మీద సర్ఫింగుకు అదే తొలి ముచ్చట అనీ చెప్పాడు. మిత్రుడు రాయల కాలపు గోడకు వీపు ఆనించి, "రాజుల బిడ్డలప్పా, వాళ్లకు షిఫ్టులు ఉండవు" అని కళ్లు మూసుకున్నాడు. సముద్రం మాట మళ్లీ ఎత్తితే, "యా సముద్రం? భోగసముద్రం చెరువా, బుక్కరాయసముద్రమా?" అన్నాడు.

గొల్లపల్లి జలాశయం గట్టెక్కి చూసి అల్లుడే నిరాశపడ్డాడు. నీళ్లున్నాయి, కదలిక లేదు. అల పెద్దదవ్వాలంటే గాలి ఎంతో దూరం, ఎంతోసేపు నీటి మీద పరుగెత్తాలి. ఈ గట్టు నుంచి ఆ గట్టుకు పరుగెత్తిన గాలి గొర్రెల కాపరి తలపాగా కూడా కదిలించలేదు.

పండగ మూడోనాటికి అత్తగారింట్లో అసలు ప్రమాదం జరిగింది. బోర్డు మీద కాలు జారకుండా పూసే మైనం ముద్దలు రెండు ఆయన పెట్టెలో ఉన్నాయి. ఎందుకు తెచ్చాడో అడగకండి, భక్తుడి పెట్టెలో విభూది ఉండదా? చల్లటి నీళ్ల కోసం చేసిన మైనం మెత్తగా ఉంటుంది, వేడికి నిలవదు. డాబా మీద ఎండలో పెట్టిన పెట్టెలో అది కొబ్బరి వాసనతో కరిగి, అడుగునున్న జరీ అంచు ధర్మవరం పట్టుచీరలోకి నెమ్మదిగా ఇంకింది. మగ్గం మీద రోజుల తరబడి నేసిన అంచు అది. అత్తగారు ఒక్క మాటా అనలేదు. అప్పటి నుంచి కాఫీలో చక్కెర తగ్గింది.

పరువు నిలబెట్టుకోవాలని చివరి ఆదివారం వీధి కుర్రాళ్లను పోగేసి చిత్రావతి ఏటికి తీసుకెళ్లాడు. సర్ఫింగులో మొదటి పాఠం ఎక్కడైనా ఇసుక మీదే. ఆ మాటకొస్తే చిత్రావతికి మించిన బడి లేదు, మధ్యలో నీళ్లు అడ్డం రావు. పండక్కి మిగిలిన ముగ్గుపిండితో ఎనిమిదడుగుల బోర్డులు వరసగా గీశాడు. కుర్రాళ్లు బోర్లా పడుకొని, చేతులతో ఇసుకను తోసి, "లే!" అనగానే ఎగిరి నిలబడ్డారు. కబడ్డీ ఆడే పిల్లలు, మొదటి దెబ్బకే అందరూ నిలబడ్డారు. అల్లుడికి రెండేళ్లు పట్టిన విద్య అది. కాసేపు మాట రాలేదు.

అంతలో వెనుక నుంచి ట్రాక్టరు హారన్ కొట్టింది. అల్లుడు డ్రైవరును ఆపి, ఇసుక తీరాల ధర్మం వివరించాడు. "మా పక్క చలికాలం పెద్ద అలలు ఇసుకను లోపలికి ఎత్తుకపోతాయి. ఎండాకాలం చిన్న అలలు మళ్లా తెచ్చి ఒడ్డున పోస్తాయి. మీ ఏట్లో ఎట్లప్పా?"

"మా ఏట్లో పొద్దున పోతాది, రాత్రీ పోతాది సార్" అన్నాడు డ్రైవరు. "రాదు. కొంచెం జరగండి, లోడు నింపుకోవాల."

అల్లుడు కుర్రాళ్లను పక్కకు జరిపి, ముగ్గు బోర్డుల మీదుగా ట్రాక్టరును పోనిచ్చాడు. ముందు వచ్చినవాడిదే హక్కని ఆయన వాదించగలడు గానీ, ఇక్కడ ముందు వచ్చినవాడు ట్రాక్టరువాడే.