పైన్ అడవి ఐరిస్ ఆత్మకథ

నేను ఐరిస్ అనే పూలమొక్కను. కాలిఫోర్నియాలోని సియెర్రా నెవాడా కొండల పడమటి వాలు నా పుట్టిల్లు. పైన్ చెట్ల కింద, ఎండా నీడా కలిసి పడేచోట నా కాపురం. మొక్కల కోసం 1846–47లో కాలిఫోర్నియాలో తిరిగిన కార్ల్ హార్ట్‌వెగ్ పేరుతో, 1876లో బేకర్ అనే వృక్షశాస్త్రవేత్త నాకు ‘ఐరిస్ హార్ట్‌వెగీ’ అని నామకరణం చేశాడు.

ఎండలు ముదరకముందే పూస్తాను. కాడకు సాధారణంగా రెండు పూలు. కొన్ని లేత పసుపు, కొన్ని లేత ఊదా. కిందికి వాలిన రేకుల మీది గీతలే తేనెటీగకు దారి. అది లోపలికి దూరుతుంటే, పైకప్పులా వంగిన కీలం అంచు దాని వీపు మీది పుప్పొడిని గీకి తీసుకుంటుంది. ఇంకాస్త లోపలికి పోతే నా పుప్పొడి దానికి అంటుకుంటుంది.

నిప్పంటే నాకంత భయం లేదు. ఇక్కడి మీవోక్ జనం అడవిలో చిన్న చిన్న మంటలు పెట్టేవాళ్లు. ఎండు సూదాకులు కాలిపోయి నేలకు వెలుగు తగిలేది. మట్టిలో అల్లం కొమ్ములా అడ్డంగా పాకే నా దుంప మళ్లీ చిగుర్చేది. అమెరికా అటవీశాఖ 1935లో, ప్రతి మంటనూ మర్నాడు పొద్దున పదింటిలోపు ఆర్పెయ్యాలని నియమం పెట్టింది. దాంతో ఫర్ చెట్లు కిక్కిరిశాయి, నేలమీద చెత్త పేరుకుంది, నాకు వెలుగు కరువైంది. ఆ చెత్తకు వానల్లేని కాలం తోడై, 2013లో రిమ్ ఫైర్ అనే కార్చిచ్చు సుమారు 2,57,000 ఎకరాలను చుట్టేసింది. ఇప్పుడు అటవీశాఖే అదుపులో ఉండే మంటలు పెడుతోంది.

మావాళ్లలో కొలంబియా ఉపజాతి మరీ అరుదు. టువోలమీ కౌంటీలో, ఒకప్పుడు బంగారం తవ్విన కొలంబియా ఊరి ప్రాంతమే దాని ఆధారం. అంత చిన్న చోట ఇళ్లు లేచినా, రోడ్డు వెడల్పు చేసినా దానికి పోయేందుకు ఇంకో అడవి లేదు.

బే ఏరియా నుంచి యోసెమిటీ చూడటానికి వచ్చే తెలుగువాళ్లకు ఒక్క మాట. దారిలో నేను కనిపిస్తే ఫొటో తీసుకోండి, పెకిలించకండి. వేసవిలో నా వేళ్లు కదిలిస్తే మళ్లీ నాటుకోలేను. శరదృతువు వానలకు కొత్త తెల్లవేళ్లు వచ్చాకే నన్ను కదపాలి, అదీ తెలిసినవాళ్లే. మీ పెరట్లో కావాలంటే, గింజ నుంచి పెంచిన మొక్కను నర్సరీలో కొనుక్కోండి.