ఒంటిచేతి సంగీతం: ఒక హార్మోనియం ఆత్మకథ

నేను హార్మోనియాన్ని. గుంటూరు మిరప చేల మధ్య ఒక లూథరన్ గుడిలో, బలిపీఠం పక్కన పరిచిన చాప మీద నా చోటు. మా జాతి పుట్టింది పారిస్‌లో. వాద్యాలు తయారుచేసే అలెగ్జాండ్ర్ దెబేన్ 1842లో పేటెంటు పొందాడు. అదే ఏడాది జూలై 31న ఫాదర్ హయ్యర్ లూథరన్ మిషను తరఫున గుంటూరులో అడుగుపెట్టాడు. అంతకు నూరేళ్ల ముందు, 1742లో, స్వరకర్త హాండెల్ కూర్చిన క్రైస్తవ గానకృతి 'మెస్సయ్య' డబ్లిన్‌లోని ఒక సంగీతశాలలో తొలిసారి వినిపించింది. దానికి నాలుగు వరసల గాయకబృందం, వాద్యబృందం, స్వరలిపి చదవగల కళ్లు కావాలి. ఇవేవీ లేని పల్లెగుడిలో అంతటి పవిత్ర సంగీతం ఉంటుందా అంటే, ఉంటుంది. అదే కీర్తన. వాద్యబృందం లేని లోటును నేను పూడ్చడం లేదు; కీర్తనకు ఆ లోటే లేదు.

సాక్ష్యం నా ఒంట్లోనే ఉంది. ఐరోపాలో మా తిత్తిని కాళ్లతో తొక్కేవారు. రెండు చేతులూ మెట్ల మీదే ఉండేవి, ఒకేసారి ఎన్నో స్వరాలు కలిసి మోగేవి. 1875లో కలకత్తాలో ద్వారకానాథ్ ఘోష్ తిత్తిని వెనక్కి మార్చి, నేల మీద కూర్చుని వాయించేలా చేశాడు. ఎడమచెయ్యి తిత్తికి పోతే మెట్లకు మిగిలేది కుడిచెయ్యి ఒక్కటే. ఒక చేతికి సహజంగా వచ్చేది ఒకే వరస. తెలుగు క్రైస్తవ కవి పురుషోత్తమ చౌధరి (1803–1890) కీర్తనలు నడిచేదీ ఒకే వరసలో. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో పాట పైన రాగం, తాళం అచ్చయి ఉంటాయి. చరణం ఎవరు ఎత్తుకున్నా, పల్లవి దగ్గరికి వచ్చేసరికి గుడంతా అందుకుంటుంది. 1878 జూలై 3న ఒంగోలు ప్రాంతంలోని వెల్లంపల్లి దగ్గర, గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. వారిలో ఎక్కువమంది చదువుకునే అవకాశం దక్కని మాదిగలు. అలాంటి సంఘానికి పాట నేర్పింది స్వరలిపి కాదు, మళ్లీమళ్లీ వచ్చే పల్లవి.

నాకు గమకం పలకదని సంగీతజ్ఞులంటారు. నిజమే. నావి బిగించిన ఇత్తడి నాలుకలు; ఒక స్వరం నుంచి మరో స్వరానికి జారలేను. ఇలాంటి ఆక్షేపణలతోనే 1940లో ఆకాశవాణి హార్మోనియాన్ని నిషేధించి, 1971లో సడలించింది. కచేరీలో ఒక్క గొంతు పక్కన ఇది లోపమే. కానీ ఇన్నూరు గొంతులు ఒకే గమకాన్ని ఒకేలా ఊపలేవు. వాటికి కావలసింది నిలవడానికి ఒక శ్రుతి. మిరపకోతలూ, ఈస్టరుకు ముందు క్రీస్తు శ్రమలను తలచుకునే శ్రమకాలమూ తరచు కలిసే వస్తాయి. వారమంతా కల్లంలో తాలుకాయలు ఏరిన ఆడవాళ్ల గొంతులు ఘాటుకు బొంగురుపోతాయి, పై షడ్జమం అందదు. అప్పుడు వాయించేవాడు శ్రుతిని రెండు మెట్లు దించుతాడు. ఆ కీర్తనే మళ్లీ అందరిదీ అవుతుంది.

నాలుగు వరసలు విడివిడిగా నడిచి ఒకచోట కలిసే వైభవం కీర్తనలో లేదంటారు. లేదు, ఒప్పుకుంటాను. అయితే 'మెస్సయ్య' శ్రోతలకు వినిపించడానికి పుట్టింది. అక్కడ పాడేవారు వేరు, వినేవారు వేరు. కీర్తనలో పల్లవి అందుకున్నాక ఊరికే వినేవాళ్లంటూ మిగలరు. ఆరాధన సంగీతానికి ఇంతకు మించిన కొలత నాకు తెలియదు. ఇప్పుడు గుళ్లలోకి కీబోర్డులు, పెద్దపెద్ద సౌండు బాక్సులు వస్తున్నాయి. వాటిని రావద్దనను. ఏ వాద్యం మోగినా సంఘం గొంతు దానికంటే పైన వినిపించాలి. అది మునిగిపోయేంత మోత చేసే వాద్యం, నేనైనా సరే, గుడిలో ఉండకూడదు.